గోడ దూకిన తోటమాలి

ఇలా దగ్గరికి జరగవే అమ్మాయ్, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. ఇంగ్లండులో డెర్బీషైర్ అనే సీమలో, డెర్వెంట్ ఏటి ఒడ్డున చాట్స్‌వర్త్ అని పెద్ద దివాణం ఉంది. డెవన్‌షైర్ డ్యూకులనే కావెండిష్ వంశం వారిది. లోపల రెంబ్రాంట్, రాఫెల్ గీసిన బొమ్మలున్నాయి. ఒక తలుపు మీద వయొలిన్ వేలాడుతుంటుంది, చేత్తో తడిమితే ఉత్త రంగు! ఆ పాత చిత్రకారుల పనితనం చెప్పాలంటే ఈ రాత్రి చాలదు. సరే, రామాయణంలో పిడకల వేటెందుకు, తోటలోకి పోదాం పద.

1826 మే 9, తెల్లవారుజామున నాలుగున్నర. జోసెఫ్ పాక్స్‌టన్ అనే కుర్రాడు, ఇరవై మూడు కూడా నిండలేదు, పెద్ద తోటమాలి కొలువులో చేరడానికి వచ్చాడు. వారానికి 25 షిల్లింగుల జీతం, ఉండటానికి చిన్న ఇల్లు. ఇరవై షిల్లింగులు ఒక పౌను, అంటే ఒకటింబావు పౌను అన్నమాట. వచ్చేసరికి గేటు తియ్యలేదు. నువ్వయితే అక్కడే చతికిలబడేదానివి! అతను గోడెక్కి లోపలికి దూకాడు, తోటంతా చుట్టబెట్టాడు, ఆరింటికి వచ్చినవాళ్లకు పనులు పురమాయించాడు. ఆపైన ఇంటి పెత్తనం చూసే గ్రెగరీ గారితో, ఆవిడ చుట్టాలమ్మాయి సారాతో కూర్చుని ఫలహారం చేశాడు. తొమ్మిదయ్యేసరికి సారా మీద మనసు పడ్డాడు, ఆ పిల్లా అంతే. మరుసటి ఏడే పెళ్లి. కల్యాణమొచ్చినా కక్కొచ్చినా ఆగవంటారు గదా!

దొర ఆరో డ్యూకు, బ్రహ్మచారి, మొక్కలంటే పిచ్చి. రష్యా చక్రవర్తి నికొలస్ వస్తాడేమోనని 1844లో కొండ మీద చెరువు తవ్వించి, ఏ యంత్రమూ లేకుండా ఆ నీటి ఒత్తిడితోనే ఫౌంటెన్ ఎగజిమ్మించారు. ధార 296 అడుగుల దాకా లేచింది. చక్రవర్తి మాత్రం రానేలేదు! బొగ్గు మింగే బ్రహ్మాండమైన అద్దాలమేడ కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు కరువై మొక్కలు చచ్చాయి, 1920లో దాన్ని కూల్చేశారు. కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయి మరి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది వాళ్ల అరటిచెట్టు. మారిషస్ నుంచి ఇంగ్లండుకు చేరిన రకం అది. పాక్స్‌టన్ వెచ్చని అద్దాల గదిలో పెంచితే 1835లో పూసి, మరుసటి వేసవికి వందకు పైగా కాయలు కాసింది. దొర వంశం పేరే దానికి పెట్టారు. పిలకలు మిషనరీల వెంట సమోవా దీవులకూ వెళ్లాయి.

అనంతపురం, కడప తోటల్లో ఇప్పుడు పండించే గ్రాండ్ నైన్ కూడా కావెండిష్ జాతిదే. రేపు బండివాడి దగ్గర డజను తీసుకో, బేరమాడకుండా.