ప్రేరక–నిరోధ వలయంలో ప్రవాహ వృద్ధి, క్షయం

తీగచుట్టను, నిరోధాన్ని శ్రేణిలో కలిపి బ్యాటరీ ఇస్తే విద్యుత్ ప్రవాహం ఒక్కసారిగా గరిష్ఠానికి చేరదు. మారే ప్రవాహాన్ని చుట్టలో పుట్టే స్వయంప్రేరిత వోల్టేజి అడ్డుకుంటుంది. స్విచ్ వేసిన క్షణంలో ప్రవాహం సున్నా. బ్యాటరీ వోల్టేజి మొత్తం చుట్ట మీదే ఉంటుంది. ప్రవాహం పెరిగేకొద్దీ నిరోధం వాటా పెరిగి, చుట్ట వాటా తరుగుతుంది. కాబట్టి పెరుగుదల వేగమూ మందగిస్తుంది.

ప్రేరకత్వాన్ని మొత్తం నిరోధంతో భాగిస్తే వచ్చేది కాలస్థిరాంకం. అంత కాలంలో ప్రవాహం తుది విలువలో 63.2 శాతానికి, దానికి అయిదింతల కాలంలో 99.3 శాతానికి చేరుతుంది. ఉదాహరణకు 12 వోల్టులు, 0.5 హెన్రీ, 100 ఓమ్‌లు తీసుకుందాం. కాలస్థిరాంకం 5 మిల్లీసెకన్లు, తుది ప్రవాహం 120 మిల్లీఆంపియర్లు. 5 మిల్లీసెకన్లకు ప్రవాహం సుమారు 76, 25 మిల్లీసెకన్లకు 119 మిల్లీఆంపియర్లు.

నిరోధం పెంచితే ప్రవాహం మరింత నెమ్మదిగా స్థిరపడుతుందని విద్యార్థులు తరచు పొరబడతారు. నిజానికి త్వరగా స్థిరపడుతుంది, తక్కువ విలువ దగ్గర. తొలిక్షణపు పెరుగుదల రేటుకు నిరోధంతో సంబంధమే లేదు. పై వలయంలో అది సెకనుకు 24 ఆంపియర్లు.

బ్యాటరీని తప్పించి వలయాన్ని మూసి ఉంచితే, ప్రవాహం ఒక్కో కాలస్థిరాంకానికి 36.8 శాతానికి తగ్గుతూ పోతుంది. వలయాన్ని హఠాత్తుగా తెంచితే మాత్రం అయస్కాంత క్షేత్రంలోని శక్తి పెద్ద వోల్టేజిగా ఎగసి స్విచ్ దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. పొడవైన తీగలున్న వలయాన్ని తెంచినప్పుడు లేచే ఈ రవ్వనే జోసెఫ్ హెన్రీ 1832లో వర్ణించాడు. రిలే చుట్టకు అడ్డంగా డయోడు పెట్టేది ఆ శక్తికి దారి చూపడానికే.