సఫ్దర్‌జంగ్‌కు రాని విమానం

రెండు పిస్టన్ ఇంజన్లు, గాలి బిగించిన క్యాబిన్ కలిసిన సొంత విమానం ఒక తరం పాటే వెలిగింది. నేలకు 20 వేల అడుగుల ఎత్తున గాలి ఒత్తిడి కింద ఉన్నదాంట్లో సగం కూడా ఉండదు. అక్కడ ముక్కుకు ఆక్సిజన్ గొట్టం తగిలించుకోకుండా కూర్చోవాలంటే క్యాబిన్‌ను సీసాలా మూసి లోపలికి గాలి ఎక్కించాలి. ఆ పని టర్బోచార్జర్‌ది. ఇంజన్ వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. దానికి జోడించిన రెండో చక్రం బయటి గాలిని కుదించి ఇంజన్‌కు అందిస్తుంది. అందులో కొంత గాలిని చల్లార్చి క్యాబిన్‌లోకి మళ్లిస్తారు. గాలి లోపలికి వస్తూనే ఉంటుంది, ఔట్‌ఫ్లో వాల్వు దాన్ని లెక్కగా బయటికి వదులుతూ ఉంటుంది. ఈ తరహా విమానమైన సెస్నా 340 క్యాబిన్ లోపలికీ బయటికీ నడుమ చదరపు అంగుళానికి 4.2 పౌండ్ల ఒత్తిడి తేడాను నిలుపుకుంటుంది. విమానం 20 వేల అడుగుల ఎత్తున పోతున్నా లోపలివాళ్లకు 8 వేల అడుగుల ఎత్తులో, అంటే ఊటీ కన్నా కాస్త పైన, ఉన్నట్టే.

ఈ ఏర్పాటు మొదట అమెరికా సైన్యం కోసం పుట్టింది. లాక్‌హీడ్ కంపెనీ తన ఎలక్ట్రా విమానాన్ని మార్చి తయారుచేసిన ఎక్స్‌సీ-35 1937లో ఎగిరింది. దానికి రెండు పిస్టన్ ఇంజన్లు, గుండ్రటి ఒడలు, చిన్న చిన్న కిటికీలు. సొంతదారు కొనుక్కునే సరుకుగా మారడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

ఆనాటి ఢిల్లీ ఎగురుడు వేరు. ఇవాళ సాకేత్‌లో మెట్రో ఎక్కితే ఆరో స్టేషన్ జోర్ బాగ్. దాని పక్కనే ఉన్న సఫ్దర్‌జంగ్ మైదానంలో 1929లో విమానాలు దిగడం మొదలైంది. తర్వాత దానికి వైస్రాయ్ విల్లింగ్డన్ పేరు పెట్టారు. ఢిల్లీ ఫ్లయింగ్ క్లబ్ అంతకు ఏడాది ముందే, 1928లో, పుట్టింది. లండన్ నుంచి కరాచీ దాకా వచ్చే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ టపా 1929 డిసెంబరు చివర్లో ఢిల్లీకి పొడిగింపు పొందింది. రెండేళ్లకే సర్కారు ఆ సర్వీసు నుంచి తప్పుకుంటే కరాచీ–ఢిల్లీ టపా మోసే పని ఫ్లయింగ్ క్లబ్‌కు దక్కింది. ఆనాటి మాత్ విమానాల రెక్కలకు కప్పింది గుడ్డ. జిప్సీ మాత్‌లోనైతే పైలట్ తల బయటి గాలిలోనే ఉండేది. క్యాబిన్‌లో గాలి బిగించే మాటే లేదు.

తెలుగు నేల నుంచి ఢిల్లీకి ఆకాశదారి వేసింది డెక్కన్ ఎయిర్‌వేస్. నిజాం రైల్వే, టాటాలు కలిసి పెట్టిన ఆ సంస్థ బేగంపేట కేంద్రంగా 1946లో సర్వీసులు మొదలుపెట్టింది. నడిపినవి డకోటాలు: రెండు పిస్టన్ ఇంజన్లు, గాలి బిగింపు లేని క్యాబిన్. మబ్బుల మీదుగా పోలేక మబ్బుల్లోంచే పోవాల్సి వచ్చేది, కుదుపులకు ప్రయాణికులకు కడుపులో తిప్పేది. 1953లో జాతీయం చేసినప్పుడు ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1957లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైకౌంట్‌లు తెచ్చింది. వాటి క్యాబిన్లలో గాలి బిగింపు ఉంది గానీ ఇంజన్లు పిస్టన్‌వి కావు, టర్బైన్లు. డకోటా నుంచి వైకౌంట్‌కు వేసిన ఆ అంగలో మధ్యమెట్టు అయిన జంట పిస్టన్ల ప్రెషరైజ్డ్ విమానాన్ని ఇండియన్ ఎయిర్‌లైన్స్ తొక్కకుండానే దాటేసింది.

విదేశాల్లో ఆ మెట్టు మీద సొంతదారులు నిలబడ్డారు. 1967లో సెస్నా 421, 1968లో బీచ్‌క్రాఫ్ట్ డ్యూక్, 1970లో పైపర్ వారి ప్రెషరైజ్డ్ నవాహో వచ్చాయి. డ్యూక్‌లు 1983 దాకా 596 తయారయ్యాయి. అయితే ఈ జాతికి పుట్టుకతోనే దాయాది ఉంది. బీచ్‌క్రాఫ్ట్ తన క్వీన్ ఎయిర్ ఒడలుకు టర్బైన్లు తగిలించి 1964లో కింగ్ ఎయిర్‌ను తెచ్చింది. మరుసటేడు అదే ఒడలు పిస్టన్లతో, గాలి బిగింపుతో వస్తే యాభై కూడా అమ్ముడుపోలేదు. డబ్బున్నవాడు టర్బైన్ కొనుక్కుంటాడు, అంత లేనివాడికి పిస్టన్. బేరం మొదటి నుంచీ ఇంతే.

కొనడం ఒక ఎత్తు, నడపడం ఇంకో ఎత్తు. సెస్నా 421లో ఒక్కో ఇంజన్ 375 గుర్రాల శక్తిది, ఆరేసి సిలిండర్లది. ఇంజన్‌కూ ప్రొపెల్లర్‌కూ నడుమ గేర్లు ఉంటాయి. ప్రొపెల్లర్ ఇంజన్ వేగంలో మూడింట రెండు వంతులే తిరుగుతుంది. అందుకే థ్రాటిల్‌ను గబుక్కున వెనక్కి లాగితే గేర్లకు దెబ్బ. ఎత్తు మీద మరిగిన సిలిండర్లు దిగేటప్పుడు ఒక్కసారిగా చల్లారితే పగుళ్లు వస్తాయని పైలట్లు గమ్యానికి చాలా ముందు నుంచే కొద్దికొద్దిగా శక్తి తగ్గిస్తూ దిగుతారు. టేకాఫ్‌లో ఒక ఇంజన్ ఆగితే విమానం అటే తిరగబోతుంది. రెండో వైపు రడ్డర్ తొక్కిపట్టి, ఆగిన ఇంజనేదో తేల్చుకుని, దాని ప్రొపెల్లర్ రెక్కలను అంచు గాలికి ఎదురయ్యేలా తిప్పాలి. అదంతా కొద్ది సెకన్ల పని. ఇక తలుపు చుట్టూ ఉండే రబ్బరు సీలు అరిగితే క్యాబిన్‌లో గాలి నిలవదు. ఈ తరహా ఇంజన్లకు సుమారు 1,600 గంటలకొకసారి పూర్తిగా విప్పి బిగించే పని పడుతుంది, అదీ రెండింటికీ. షెడ్డులో ఊరికే నిలబెడితే ఖర్చు తప్పుతుందా అంటే, అప్పుడు సిలిండర్లు తుప్పు పడతాయి.

ఢిల్లీ ఎండ దీనికి మరో పరీక్ష. సఫ్దర్‌జంగ్ ఎత్తు సుమారు 700 అడుగులే అయినా, 45 డిగ్రీల మే మధ్యాహ్నం అక్కడి గాలి పలచదనం నాలుగున్నర వేల అడుగుల ఎత్తులో ఉన్నంత. టర్బోచార్జర్ ఇంజన్ శక్తిని కాపాడుతుంది గానీ, రెక్కలకు, ప్రొపెల్లర్‌కు దొరికేది ఆ పలచటి గాలే.

అయినా ఈ జాతి భారతదేశంలో వేళ్లూనకపోవడానికి ఎండ కారణం కాదు. ఆ విమానాలు కొత్తవిగా అమ్ముడైన ఏళ్లలో ఇక్కడ దిగుమతి లైసెన్సు, విదేశీ మారకం రెండూ సర్కారు చేతిలో ఉన్నాయి. ప్రైవేటు మనిషి విమానం తెప్పించుకోవడమంటే ఫైళ్ల చుట్టూ తిరగడమే. కొనగలిగిన రాష్ట్ర ప్రభుత్వాలు కింగ్ ఎయిర్ వైపు మొగ్గాయి. ఇంధనం సంగతి సరే సరి. జెట్లూ టర్బైన్లూ తాగేది కిరోసిన్ జాతి ఏటీఎఫ్, అది పెద్ద విమానాశ్రయాలన్నింటా దొరుకుతుంది. పిస్టన్‌కు కావలసింది సీసం కలిపిన, నీలి రంగు 100 ఎల్ఎల్ ఏవ్‌గ్యాస్. దాన్ని దశాబ్దాల పాటు విదేశాల నుంచే తెప్పించాల్సి వచ్చింది. గంటకు 150 లీటర్లు తాగే విమానానికి ఇలాంటి సరఫరా మీద బతుకు లేదు. 1980ల మధ్యకల్లా అమెరికాలోనూ ఈ విమానాల తయారీ ఆగిపోయింది. ఒంటి పిస్టన్ ప్రెషరైజ్డ్ విమానం పైపర్ మాలిబు మాత్రం అప్పుడే పుట్టి, పేరు మార్చుకుని బతికింది.

ఇంతలో ఢిల్లీలో చిన్న విమానాలకు చోటే కరవైంది. పౌర విమానాల రాకపోకలు 1962లో పాలంకు మారాక సఫ్దర్‌జంగ్ ఫ్లయింగ్ క్లబ్‌కు, గ్లైడర్లకు మిగిలింది. 1980 జూన్ 23న సంజయ్ గాంధీ పిట్స్ విమానం ఎగిరింది ఇక్కడి నుంచే, కూలింది దగ్గర్లోనే. 2000 దశకం మొదట్లో భద్రతా కారణాలతో శిక్షణ విమానాలు కూడా ఆగిపోయాయి. ఇప్పుడు అక్కడ దిగేవి ప్రముఖుల హెలికాప్టర్లు. దేశంలో విమానాలకు అనుమతులిచ్చే డీజీసీఏ కార్యాలయం మాత్రం విమానం ఎగరని ఆ రన్‌వే పక్కనే ఉంది. సొంత విమానాల కోసం ఇందిరాగాంధీ విమానాశ్రయంలో 2020లో ప్రత్యేక టెర్మినల్ తెరిచారు. అది జెట్ల యజమానుల కోసం కట్టినదన్న సంగతి చూడగానే తెలుస్తుంది.

ఏవ్‌గ్యాస్ కరవు తీరే రోజు ఆలస్యంగా వచ్చింది. ఇండియన్ ఆయిల్ వడోదర రిఫైనరీలో తయారుచేసిన 100 ఎల్ఎల్‌ను 2022 సెప్టెంబరు 26న ఢిల్లీ పక్కనున్న హిండన్ వైమానిక స్థావరంలో విడుదల చేశారు. 2023 జనవరిలో 80 పీపాలు పపువా న్యూ గినీకి ఎగుమతి అయ్యాయి కూడా. దాన్ని ముఖ్యంగా వాడేవి శిక్షణ పాఠశాలల ఒంటి ఇంజన్ విమానాలే. అదే హిండన్ నుంచి 2019 అక్టోబరు 11న తొలి పౌర సర్వీసు పితోరాగఢ్‌కు బయల్దేరింది. విమానం తొమ్మిది సీట్ల కింగ్ ఎయిర్. దానికీ ఇంజన్లు రెండే, క్యాబిన్‌లో గాలి బిగింపూ ఉంది, తాగేది మాత్రం ఏటీఎఫ్.