టెక్సస్‌లో ప్రిడిక్షన్ మార్కెట్లు చట్టబద్ధమేనా?

"టెక్సస్‌లో బెట్టింగ్ నిషేధం కదా, మరి మా అబ్బాయి ఫోనులోనే ఫుట్‌బాల్ మ్యాచ్ మీద డబ్బు ఎలా పెడుతున్నాడు?" అని అక్కడి తెలుగు సంఘాలలోని తలిదండ్రులు కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. ప్రశ్న న్యాయమైనది. ఒకే అబ్బాయి మీద రెండు చట్టాలు పనిచేస్తుండటమే ఈ గందరగోళానికి కారణం.

రాష్ట్ర చట్టం కఠినమైనదే. టెక్సస్ శిక్షాస్మృతి 47వ అధ్యాయం ప్రకారం ఆట ఫలితం మీద గాని, ఎన్నిక ఫలితం మీద గాని పందెం కాయడం నేరం. జరిమానా 500 డాలర్ల వరకు ఉంటుంది. 2018లో అమెరికా సుప్రీంకోర్టు క్రీడా పందేల నిర్ణయాన్ని రాష్ట్రాలకు విడిచిపెట్టాక ముప్పైకి పైగా రాష్ట్రాలు అనుమతించాయి గాని టెక్సస్ అనుమతించలేదు. 2023లో ఒక రాజ్యాంగ సవరణ ప్రతినిధుల సభలో నెగ్గినా సెనేట్ దాటలేదు. టెక్సస్ బాప్టిస్టుల క్రిస్టియన్ లైఫ్ కమిషన్ ఇలాంటి ప్రయత్నాలను ఏళ్ళ తరబడి ఎదిరిస్తూ వస్తోంది.

ఇక కేంద్ర చట్టం. గోధుమలు, చమురు వంటి సరుకుల ముందస్తు ఒప్పందాలను పర్యవేక్షించడానికి 1974లో సీఎఫ్‌టీసీ అనే కమిషన్ ఏర్పడింది. కల్షీ అనే సంస్థకు 2020లో ఎక్స్ఛేంజ్‌గా అనుమతి ఇచ్చింది ఈ కమిషనే. "కౌబాయ్స్ గెలుస్తారా?" అన్న ప్రశ్నకు "అవును" కాంట్రాక్టు ధర 60 సెంట్లు అనుకుందాం. గెలిస్తే ఒక డాలరు చేతికొస్తుంది, ఓడితే 60 సెంట్లూ పోతాయి. అవతల "కాదు" అని సుమారు 40 సెంట్లు పెట్టినవారు ఉంటారు. వారు మన అబ్బాయి లాంటివారే కానక్కరలేదు, కంప్యూటర్లతో వ్యాపారం చేసే పెద్ద సంస్థ కావచ్చు. ఎక్స్ఛేంజ్ తన రుసుము తాను తీసుకుంటుంది. దీన్ని పందెం అనరు, ఈవెంట్ కాంట్రాక్ట్ అంటారు. పేరు మారినంత మాత్రాన పందెం పందెం కాకుండా పోతుందా అని మాకూ సందేహమే.

కోర్టులకూ అదే సందేహం. కేంద్రం అనుమతించిన మార్కెట్‌ను రాష్ట్రం ఆపలేదని కల్షీ వాదన. 2025 ఏప్రిల్‌లో న్యూజెర్సీలోని ఫెడరల్ కోర్టు ఆ వాదన వైపు మొగ్గింది. ఆగస్టులో మేరీలాండ్‌లోని ఫెడరల్ కోర్టు ఒప్పుకోలేదు. ఎన్నికల కాంట్రాక్టుల విషయంలో 2024 సెప్టెంబరులో వాషింగ్టన్ కోర్టు కల్షీకి అనుకూలంగా తీర్పిచ్చింది. మరుసటి ఏడాది మే నెలలో కమిషన్ తన అప్పీలును వదులుకుంది.

కాబట్టి టెక్సస్‌లో యాప్ తెరుచుకుంటుంది అంటే రాష్ట్రం అనుమతించిందని కాదు, కేంద్రం ఇచ్చిన అనుమతి నీడలో నడుస్తోందని మాత్రమే. పాలీమార్కెట్ సంగతి వేరు. 2022లో 14 లక్షల డాలర్ల జరిమానా కట్టి అమెరికా వాడుకరులను నిలిపివేసిన ఆ సంస్థ, 2025లో అనుమతి ఉన్న ఒక ఎక్స్ఛేంజ్‌ను కొని తిరిగి రావడానికి దారి చేసుకుంది. వీపీఎన్ పెట్టుకుని దాని విదేశీ సైటులోకి వెళ్ళేవారికి ఆ కేంద్ర అనుమతి వర్తించదు.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది వయస్సు. క్రీడా పందేలను అనుమతించిన రాష్ట్రాలలో చాలావరకు 21 ఏళ్ళు నిండాలి. కల్షీలో 18 చాలు. అంటే కాలేజీ మొదటి సంవత్సరం, ఫీజు డబ్బు మొదటిసారి సొంత ఖాతాలో పడే కాలం. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. అక్కడినుండి చదువుకు వచ్చిన పిల్లలకు ఇక్కడ అది షేర్ల యాప్ పక్కనే షేర్ల భాషలోనే కనిపిస్తోంది. పిల్లవాడు "ట్రేడింగ్" అన్నప్పుడు కోప్పడకుండా, దేని మీద అని అడగండి.

ఇప్పటికే అప్పులదాకా వెళ్ళినవారు, వారి కుటుంబాలు 1-800-426-2537కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. చెప్పిన మాట గోప్యంగా ఉంటుంది.