మాల్దీవులకు వెళ్తున్నారా? ఈ సంగతులు తెలుసుకుని బయల్దేరండి

మాల్దీవులు అనగానే నీలం రంగు సముద్రం, నీళ్ల మీద కట్టిన గదులు, సినిమా తారల ఫోటోలు గుర్తొస్తాయి. కానీ ఆ ఫోటోల వెనక ఎనిమిది వందల ఏళ్లకు పైబడిన ముస్లిం చరిత్ర ఉంది. సముద్రం ఎప్పుడు మింగేస్తుందో అన్న భయంతో బతుకుతున్న జనమూ ఉన్నారు. కుటుంబంతో వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన విషయాలు ఇవీ.

దేశమంతా నీళ్లే

హిందూ మహాసముద్రంలో ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 870 కిలోమీటర్ల పొడవునా 1,192 పగడపు దీవులు పరుచుకుని ఉన్నాయి. స్థానిక ప్రజలు నివసించేది మాత్రం సుమారు 200 దీవుల్లోనే. అన్నింటినీ కలిపినా భూమి 300 చదరపు కిలోమీటర్లే. అంటే మన హైదరాబాద్ మహానగరం దానికన్నా పెద్దది. రాజధాని మాలే. విమానాశ్రయం ఒక దీవిలో, ఊరు మరో దీవిలో ఉంటాయి. 2018లో వంతెన కట్టేదాకా అక్కడ దిగినవాళ్లు పడవెక్కి ఊళ్లోకి వెళ్లాల్సిందే. అక్కడి సంప్రదాయ పడవను ధోని అంటారు. ఆ పేరు వింటే మన దోనె గుర్తుకు రాకుండా ఉండదు.

ఇస్లాం ఎలా వచ్చింది?

1153లో ఇక్కడి రాజు ఇస్లాం స్వీకరించాడు. అంతకు ముందు జనం బౌద్ధులు. ప్రఖ్యాత యాత్రికుడు ఇబ్న్ బతూతా అక్కడ విన్న కథను రాసిపెట్టాడు. ప్రతి నెలా సముద్రం నుంచి ఒక భూతం వచ్చేదట, దానికి ఒక కన్యను బలి ఇవ్వాల్సి వచ్చేదట. అబుల్ బరకాత్ అనే పరదేశి ఆ అమ్మాయి స్థానంలో తానే వెళ్లి రాత్రంతా ఖురాన్ పారాయణం చేస్తూ కూర్చున్నాడట. ఆ భూతం మళ్లీ రాలేదట. కథ సంగతి ఎలా ఉన్నా, ఇబ్న్ బతూతా 1343లో ఇక్కడికి వచ్చి కొంతకాలం ఖాజీగా పనిచేసిన మాట వాస్తవం. జుమా నమాజుకు రానివాళ్లను శిక్షించానని ఆయనే రాసుకున్నాడు.

పగడపు రాళ్ల మసీదు

మాలేలో తప్పక చూడాల్సింది హుకురు మిస్కీ. అంటే జుమా మసీదు. 1658లో పగడపు రాళ్లను చెక్కి, ఒకదానిలో ఒకటి ఇమిడేలా పేర్చి కట్టారు. గోడల నిండా సన్నని నగిషీలు, లోపల చెక్కపని. ఒక విశేషం ఏంటంటే కట్టడం సరిగ్గా పడమటికి తిరిగి ఉంటుంది, కానీ అక్కడి నుంచి ఖిబ్లా వాయవ్య దిక్కున ఉంటుంది. అందుకే లోపల సఫ్‌లు గోడలకు ఏటవాలుగా ఉంటాయి.

అంకెల నుంచి పుట్టిన అక్షరాలు

వాళ్ల భాష ధివేహి. శ్రీలంకలోని సింహళానికి దగ్గరి చుట్టం. మన దేశంలో లక్షద్వీప్‌లోని మినికోయ్ దీవిలోనూ ఇదే భాష మాట్లాడతారు. లిపి పేరు తానా. ఉర్దూ లాగే కుడి నుంచి ఎడమకు రాస్తారు. ఇందులో మొదటి తొమ్మిది అక్షరాలు అరబిక్ అంకెల నుంచి వచ్చాయి.

'చిల్లిగవ్వ కూడా లేదు' అంటాం కదా. ఒకప్పుడు గవ్వలే చిల్లర డబ్బు. ఆ గవ్వలు రాశులుగా దొరికింది మాల్దీవుల్లోనే. ఓడలకెత్తి బెంగాల్‌కు పంపి, బదులుగా బియ్యం తెచ్చుకునేవారు. ఇప్పుడు నడిచే డబ్బు రుఫియా.

వీసా, సామాను, సెలవు

భారతీయులకు దిగిన చోటే వీసా ఉచితంగా ఇస్తారు. పాస్‌పోర్ట్, తిరుగు టికెట్, బస బుకింగ్ చూపించాలి. ప్రయాణానికి 96 గంటల లోపు ఆన్‌లైన్‌లో డిక్లరేషన్ నింపడం మరిచిపోవద్దు. మద్యం, పంది మాంసం వెంట తీసుకెళ్లకూడదు. వచ్చేటప్పుడు పిల్లలు ముచ్చటపడి పగడపు ముక్కలు, ఇసుక సంచిలో వేసుకున్నా నేరమే.

వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. శుక్రవారం చాలా రూట్లలో ప్రభుత్వ ఫెర్రీలు నడవవు. ఇది తెలియక ప్లాన్ వేసుకుంటే ఖరీదైన స్పీడ్ బోటే గతి.

రిసార్టా, ఊరా?

ఇదే అసలు ప్రశ్న. 1972లో మొదటి రిసార్ట్ మొదలైంది. రిసార్ట్ దీవుల్లో మద్యం దొరుకుతుంది, కొన్నిచోట్ల పంది మాంసమూ వండుతారు. కాబట్టి వంటగది సంగతి బుక్ చేసేముందే అడగండి. ఊళ్లుండే దీవుల్లో మద్యం ఉండదు, మసీదు నడిచివెళ్లే దూరంలోనే ఉంటుంది, గెస్ట్ హౌస్‌ల ఖర్చూ చాలా తక్కువ. మాఫుషి ఇందుకు పేరుపడింది. ఇలాంటి దీవుల్లో పర్యాటకులైనా ఒంటినిండా బట్టలతోనే తిరగాలి. ఈత దుస్తులకు విడిగా బీచ్ కేటాయిస్తారు. రంజాన్‌లో పగలు హోటళ్లు మూసే ఉంటాయి.

తిండికి మొహం వాచాల్సిన పనిలేదు. పొద్దున్నే ట్యూనా చేప, కొబ్బరి తురుము, ఉల్లి, మిర్చి, నిమ్మరసం కలిపిన మస్ హుని, దాంతో రోషి అనే రొట్టె. సాయంత్రం చాయ్‌తో సమోసాలాంటి బజియా.

సముద్రంతోనే బతుకు, సముద్రంతోనే భయం

ప్రపంచంలో అన్నింటికన్నా పల్లంలో ఉన్న దేశం ఇదే. సముద్రమట్టానికి సగటు ఎత్తు మీటరున్నర మాత్రమే. 2004 సునామీ ఇక్కడ 80 మందికి పైగా ప్రాణాలు తీసింది. 2009లో అప్పటి అధ్యక్షుడు మహమ్మద్ నషీద్ మంత్రులతో కలిసి నీటి అడుగున మంత్రివర్గ సమావేశం పెట్టింది ఈ గోడు ప్రపంచానికి వినిపించడానికే. ఇసుక పోసి హుల్హుమాలే అనే కొత్త దీవినే కట్టుకున్నారు.

చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం కరువు. మాలే జనం తాగేది ఉప్పు తీసిన సముద్రపు నీరు. 2014 డిసెంబర్‌లో అక్కడి ప్లాంట్‌లో మంటలు రేగితే రాజధాని గొంతెండింది. అప్పుడు మన దేశం విమానాల్లో, ఓడల్లో మంచినీళ్లు పంపింది.

కాబట్టి వెళ్లినప్పుడు గదిలో కుళాయి తిప్పేముందు ఒక్కసారి ఆలోచించండి. వుజూకైనా నీళ్లు వృథా చేయొద్దని మన పెద్దలు చెప్పే మాట, ఆ దీవుల్లో ఉంటే ఇంకా బాగా అర్థమవుతుంది.