పచ్చి

టోక్యోలో ఓ చిన్న హోటలు, మధ్యాహ్నం భోజనం వేళ. బల్ల మీది మెనూ చూసి తమ్ముడు చదివాడు: "నమ పాస్తా." నమ అంటే? "పచ్చి." అమ్మ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "పచ్చి పిండి తినిపించడానికా నాయనా, నందివెలుగు నుంచి ఇంత దూరం తీసుకొచ్చావు?"

తాజా అని ఉంటే గొడవే లేదు. కానీ వాడన్నదే సరైన మాటని ఇంటికొచ్చాక తట్టింది. పారసీ నుంచి మనకొచ్చిన తాజా, వస్తువు ఎప్పటిదో చెబుతుంది. పచ్చి అలా కాదు, ఎదురుగా ఏది నిలబెడితే దాన్నిబట్టి అర్థం మార్చుకుంటుంది. పచ్చి కాయకు ఎదురు పండు. పచ్చి పాలకు కాచినవి, పచ్చి ఇటుకకు కాల్చినది, పచ్చి పుండుకు మానినది. మిరప, కొబ్బరి, రొయ్యలు, గడ్డి దగ్గరికొస్తే పచ్చికి ఎదురు ఎండు. పాస్తా ఈ చివరి వరసలోది. కొట్లో ప్యాకెట్లో దొరికేది ఎండుది, ఉడకడానికి పది నిమిషాలు అటూ ఇటూ. పిండి కలిపి, కోసి, ఎండబెట్టకుండా మరిగే నీళ్లలో వేసేది పచ్చిది, రెండు మూడు నిమిషాలు చాలు. పళ్లెంలోకి వచ్చేసరికి రెండూ ఉడికినవే.

నమకి జపాను వాళ్లు రాసే అక్షరం మరీ ముచ్చటైనది. నేలలోంచి లేచే మొలక బొమ్మ నుంచి పుట్టింది. బతకడం, పుట్టడం, మొలవడం, అన్నిటికీ అదే అక్షరం. పీపాలోంచి పట్టే బీరు నమ, టీవీలో ప్రత్యక్ష ప్రసారమూ నమే. మన మాటదీ మొక్కల చుట్టరికమే. పచ్చ, పచ్చి, పసి, పసిడి, పసుపు ఒకే ద్రావిడ మూలం పిల్లలు. కన్నడంలో పకారం హకారమై హసి, హసిరు అయ్యాయి. పసికందులోని పసి, పచ్చి బాలింతలోని పచ్చి అక్కచెల్లెళ్లు. మా ఊరికి దగ్గర్లోని దుగ్గిరాల మార్కెట్టుకు చేరే కొమ్ము, తవ్విననాడు పచ్చి పసుపు. ఒకే మూలాన్ని వెంటవెంటనే రెండుసార్లు పలుకుతున్నామని ఏ రైతుకీ అనిపించదు. ఉడకబెట్టి, ఎండబెట్టాకే అది బస్తాకెక్కుతుంది. మరి పచ్చి అబద్ధం? ఆరనిది, మాగనిది, ఏ సాకూ కలపనిది అని నా ఊహ.

ఆ రోజు వచ్చింది తరకో స్పఘెట్టి. ఉప్పులో ఊరిన చేపగుడ్లు, వెన్న, పైన సన్నగా కత్తిరించిన నోరి అనే సముద్రపు నాచు. 1953లో టోక్యోలో మొదలైన కాబె నో అనా అనే హోటలు 1960లలో దీన్ని పుట్టించిందని చెబుతారు. ఆ పేరుకు గోడలో కన్నం అని అర్థం! ఈ గుడ్లను పొయ్యెక్కించరు, వేడి పాస్తాలో కలిపేయడమే. అంటే ఆ పళ్లెంలో పొయ్యి ముఖం చూడనివి అవే. మెనూలో వాటి ముందు మాత్రం నమ లేదు.

అమ్మకి ఆ సంగతి అక్కడ చెప్పలేదు, మొన్న చెప్పాను. చింతకాయ తొక్కు జాడీకి గుడ్డ కడుతూ, "ఊరింది కదరా, పచ్చిదెట్టా అవుద్ది?" అంది.