చెయ్యి చూపించు: కోయంబత్తూరు, మధుర తెలుగువారి పాత అలవాటు



"ఏదీ, ఆ చెయ్యి ఇటు చూపించు" అనే మాట మన ఇళ్లలో ముగ్గురి నోట వినిపించేది. ఎరుకలసాని అనేది, నాడి చూసే వైద్యుడు అనేవాడు, అమ్మ అనేది. ముగ్గురూ పట్టుకునేది అదే చెయ్యి. చూసేది మాత్రం వేరు. తరాల కిందట కోయంబత్తూరు, మధుర ప్రాంతాలకు తరలిపోయిన తెలుగువారి మధ్య ఈ ముగ్గురూ కనిపిస్తారు. వారిలో ఎవరి చూపు ఎంతవరకు నిజమో ఈవేళ కొంచెం ముచ్చటించుకుందాం.

1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మధురలో పాలన స్థిరపరచిన తరువాత దక్షిణాదిన తెలుగు కుటుంబాల బలం పెరిగింది. కొందరు పాళెగాళ్లయ్యారు. కోయంబత్తూరు నల్లరేగడిలో పత్తి వేసుకున్నవారు మరికొందరు. మధుర, తిరునెల్వేలి వైపు రాజకంబళం నాయకులు నిలిచారు. వీరికి జక్కమ్మ దేవత. 1799లో కయత్తారులో ఉరికంబమెక్కిన కట్టబొమ్మన ఇంటి వేల్పు కూడా ఆమే. తెల్లవారకముందే వీధిలోకి వచ్చి, చిన్న డమరుకం వాయిస్తూ, జక్కమ్మ పేరు చెప్పి ఇంటి మంచిచెడ్డలు పలికే కుడుకుడుప్పైవారు ఈ సమూహానికి చెందినవారే. మనవైపు బుడబుక్కలవారు గుర్తుకు రావడం లేదూ! ఈ కంబళంవారికి మంత్రాలలోనూ, పాముకాటు వైద్యంలోనూ పేరుండేదని 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ నమోదు చేశాడు. జోస్యం, వైద్యం అప్పట్లో ఒకే గుమ్మంలో నిలబడేవన్నమాట.

ఆ కలయిక సాహిత్యంలోకీ ఎక్కింది. తమిళంలో పేరుపొందిన కుట్రాల కురవంజిలో నాయిక వసంతవల్లి విరహంతో ఒళ్లు కాగిపోతూ ఉంటుంది. కురవత సింగి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని చూసి, ఆ తాపానికి కారణం ప్రేమేనని చెబుతుంది. ఆ కావ్యం రాసిన తిరికూడ రాసప్ప కవిరాయరుకు భూమి ఇచ్చిన రాజు ఎవరో తెలుసా? మధుర నాయక ప్రభువు విజయరంగ చొక్కనాథుడు. తెలుగువాడు, స్వయంగా తెలుగు వచనంలో శ్రీరంగ మాహాత్మ్యం రాసినవాడు. ఆ భూమికి కురవంజి మేడు అన్న పేరే స్థిరపడింది.

సరే, కథలో సింగి చెప్పింది నిజమైంది. సాముద్రికం మాటేమిటి? ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో అరచేతి రంగులకు ఫలాలు చెప్పాడు. లక్కరంగు చెయ్యి ఐశ్వర్యవంతుడిది, గరుకు చెయ్యి దరిద్రుడిది, పసుపుపచ్చని చెయ్యి పరస్త్రీల వెంటపడేవాడిది అన్నాడు. ఇందులో చూపు తప్పలేదు, తీర్పే తప్పింది. చెయ్యి గరుకెక్కేది పలుగూ పారా పట్టినందుకు. కామెర్లు వచ్చి పచ్చబడ్డ మనిషికి జబ్బు చాలదన్నట్టు చెడ్డపేరు కూడా అంటగట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

వైద్యుడు రేఖల జోలికి పోలేదు. మణికట్టు మీద, బొటనవేలి మొదట్లో మూడు వేళ్లు ఆనించి వాత పిత్త కఫాలు చూసేవాడు. తెలుగు వైద్యులు తరతరాలుగా చేతపట్టిన బసవరాజీయం మొదట్లోనే నాడీ పరీక్ష ఉంది. పాము నడక వాతం, కప్ప గంతు పిత్తం, హంస నడక కఫం అని శార్ఙ్గధరుడి పోలికలు. చీనా వైద్యులూ మణికట్టు మీద మూడు వేళ్లే ఉంచేవారు. మూడో శతాబ్దంలో వాంగ్ షూహే నాడి మీద ఒక గ్రంథమే కూర్చాడు. అరచేతి రంగును బట్టి లోపలి అవయవాల స్థితి చెప్పే నమ్మకం కూడా అక్కడ ఉంది.

ఇక అమ్మ. బిడ్డ అరచెయ్యి తిప్పి చూసి "పాలిపోయాడు, రక్తం లేదు" అనేది. శాస్త్రం చదవలేదు. కానీ ఆధునిక వైద్యం ఎక్కువగా తలూపింది ఈమె చూపుకే. 1990ల మధ్యలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి గ్రామ ఆరోగ్య కేంద్రాల కోసం తయారుచేసిన పద్ధతిలో, పసిపిల్లల రక్తహీనత గుర్తించడానికి అరచెయ్యి చూడమన్నారు. బిడ్డ చేతిని మెల్లగా పట్టుకోవాలి. వేళ్లను వెనక్కి వంచి లాగకూడదు. లాగితే రక్తం ఆగి, ఆరోగ్యంగా ఉన్న చెయ్యి కూడా తెల్లగా కనిపిస్తుంది. కొంచెం పాలిపోతే ఇనుము మందు. బాగా తెల్లబడితే ఆలస్యం లేకుండా ఆసుపత్రి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని తేలింది. చూసే మనిషి బిడ్డ చేతిని తన చేతితోనూ, ఇతర పిల్లల చేతులతోనూ పోల్చుకోవాలని ఆ పద్ధతి చెబుతుంది. ఇక్కడే నాకు దిగులు కలుగుతుంది. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తం తక్కువ. ఆ అమ్మ తన అరచేతి పక్కన బిడ్డ అరచెయ్యి పెట్టి చూస్తే, రెండూ ఒకే రంగులో కనిపించి, బిడ్డ బాగానే ఉన్నాడనుకుంటుంది.