మౌలాలీ మెట్ల నుంచి అఫర్వట్ దాకా



మా అమ్మీ మోకాళ్ల సంగతి చంపాపేట్‌లో మా గల్లీ అందరికీ తెలుసు. మేడ మెట్లు ఎక్కడం మానేసి పదేళ్లు దాటింది. ఈద్ చాంద్ చూడ్డానికి కూడా పైకి రాదు. "కనిపించిందా రా?" అని కింద నుంచే కేకేస్తుంది, మేం పైనుంచి ముబారక్ చెప్తాం. అలాంటి అమ్మీని 2023 మే సెలవుల్లో దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి, అదే సాయంత్రం కిందికి తీసుకొచ్చాం. గుల్మర్గ్ గండోలాలో. మా ఆపా ఇప్పటికీ నన్ను మాఫ్ చేయలేదు. "బీపీ ఉన్న మనిషిని ఆ ఎత్తుకు తీసుకెళ్తారా? అఖల్ ఉందా నీకు?" అంటుంది. ఆమె మాటలో హఖ్ ఉంది. అయినా ఆ రోజు ఏం జరిగిందో చెప్పాలంటే కశ్మీర్ నుంచి కాదు, మన మౌలాలీ నుంచి మొదలుపెట్టాలి.

మౌలాలీ పహాడ్‌కు ఐదు వందలకు దగ్గరగా మెట్లు. ఇబ్రహీం కుతుబ్ షా జమానాలో, 1578లో, యాఖూత్ అనే దర్బారు ఖ్వాజాసరాకు ఖ్వాబులో ఆ గుట్ట మీద హజ్రత్ అలీ (రజి.) కనిపించారని, తెల్లారి వెళ్లి చూస్తే రాయి మీద చేతి గుర్తు ఉందని రివాయత్. అప్పటి నుంచి షియా, సున్నీ, హిందువు అని లేకుండా జనం ఎక్కుతూనే ఉన్నారు. అమ్మీ పెళ్లయిన కొత్తలో ఒక్కసారి ఎక్కింది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా గుట్ట కిందే, మహ్‌లఖా బాయి చందా మక్బరా వైపు కూర్చునేది. మేం దిగొచ్చాక "పైన హవా ఎలా ఉంది?" అని అడిగేది. ఇంకేం అడిగేది కాదు.

మహ్‌లఖా గురించి రెండు మాటలు. ఉర్దూలో దీవాన్ ఉన్న తొలి షాయరాల్లో ఆమె ఒకరు. నిజాం దర్బారులో జాగీర్లు పొందింది, ఫౌజు వెంట సఫర్లు చేసింది. 1792లో తల్లి రాజ్ కన్వర్ బాయి కోసం ఆ గుట్ట కింద మక్బరా కట్టించింది, 1824లో తానూ అక్కడే దఫన్ అయింది. ఆ జమానాలో అంత దర్జా ఉన్న బేగం పాల్కీలో కదిలేది. పాల్కీ ఎక్కిన వాళ్ల పేర్లు తారీఖ్‌లో ఉన్నాయి. మోసిన బోయీల పేర్లు ఏ మక్బరా మీదా కనపడవు. ఈ ఆలోచన నాకు మౌలాలీలో ఎప్పుడూ రాలేదు. టాంగ్‌మర్గ్‌లో వచ్చింది.

శ్రీనగర్ నుంచి గుల్మర్గ్ యాభై కిలోమీటర్లు. దారిలో టాంగ్‌మర్గ్ దగ్గర చాయ్ కోసం ఆగాం. పూర్వం బండి దారి అక్కడితో ఖతమ్. అంగ్రేజ్ దొరలు, దొరసానులు అక్కడి నుంచి గుర్రం మీదో, నలుగురు కశ్మీరీలు భుజాలకెత్తుకునే దండీలోనో పైకి పోయేవాళ్లు. పైన వాళ్లకు గోల్ఫ్ మైదానం, 1927 నుంచి స్కీ క్లబ్. మోసినవాళ్లకు మజ్దూరీ. ఇప్పుడు రోడ్డు నేరుగా గుల్మర్గ్‌కే పోతుంది. బండి దిగగానే చుట్టుముట్టే గుర్రాలవాళ్లు, స్లెడ్జ్‌వాళ్లు ఆ భుజాల వారసులే కదా అనిపించింది. మనం వాళ్లను "పీడిస్తున్నార్రా బాబూ" అనుకుంటాం. నేనూ అనుకున్నా.

గుల్మర్గ్ అంటే పూల మైదానం. అంతకుముందు దాని పేరు గౌరీమర్గ్. పేరు మార్చింది యూసుఫ్ షా చక్, కశ్మీర్ సుల్తాన్. 1579లో తఖ్తు ఎక్కాడు. మన ముహమ్మద్ ఖులీ కుతుబ్ షా గోల్కొండలో తఖ్తు ఎక్కింది 1580లో. ఇద్దరూ ఒకే జమానా వాళ్లు, ఇద్దరికీ షాయరీ అన్నా పూలన్నా మొహబ్బత్. మనవాడు 1591లో షహర్ కట్టి చార్మినార్ నిలబెట్టాడు. అప్పటికి యూసుఫ్ షాకు సొంత షహరే లేదు. 1586లో రాజా భగవాన్ దాస్ సుల్హ్ మాట ఇస్తే నమ్మి అక్బర్ దర్బారుకు వెళ్లాడు. మాట నిలబడలేదు, ఖైదు చేశారు. తర్వాత విడిచిపెట్టి ఐదు వందల మన్సబ్ ఇచ్చి బిహార్ వైపు పంపారు. ఒక ముల్కుకు బాద్షా అయినవాడికి ఐదు వందల మన్సబ్! 1592లో ఒడిశాలో ఇంతెఖాల్ అయ్యాడు. కబర్ బిహార్‌లో, నలందా జిల్లా బిస్వక్‌లో ఉంది. తను పేరు పెట్టిన మైదానాన్ని మళ్లీ చూడలేదు.

వాదీలో మిగిలింది హబ్బా ఖాతూన్. జాఫ్రాన్ పండే పాంపోర్ పక్క ఊరి రైతు బిడ్డ, షాయరా, యూసుఫ్ షా బేగం. అతని కోసం పాడుకుంటూ కొండల్లో తిరిగిందని కశ్మీరీలు చెప్తారు. గురేజ్‌లో ఒక పహాడ్‌కు ఆమె పేరే ఉంది. ఇందులో తారీఖ్ ఎంత, కహానీ ఎంత అని ఆలిములు వాదించుకుంటూనే ఉన్నారు. అమ్మీకి ఆ వాదన అక్కర్లేదు. బండిలో ఇదంతా విని, "మన తానాషాలాగే" అంది.

నిజమే. అబుల్ హసన్ తానాషాను 1687లో ఔరంగజేబు ఫౌజ్ పట్టుకుంది. దౌలతాబాద్ ఖైదులోనే 1699లో పోయాడు, కబర్ ఖుల్దాబాద్‌లో. గోల్కొండలో తన వంశం గుంబదుల పక్కన ఆరడుగుల జాగా కూడా దొరకలేదు. ఇద్దరు బాద్షాలూ ముసల్మాన్లే, ఓడించినవాళ్లూ ముసల్మాన్లే. మన తారీఖ్‌ను మజ్హబ్ కొట్లాటగా మాత్రమే చెప్పేవాళ్లకు ఈ రెండు కబర్లు చూపించాలని నాకెప్పుడూ ఉంటుంది. సరే, బాత్ వేరే వైపు పోతోంది.

మనిషిని తాడు మీద పహాడ్ ఎక్కించడం మరీ పాత పనేం కాదు. స్విట్జర్లాండ్‌లో గ్రిండెల్‌వాల్డ్ దగ్గర వెటర్‌హార్న్ కొండకు 1908లో అలాంటిది మొదలైంది, 1914 జంగ్ రాగానే మూతపడింది. గుల్మర్గ్‌లో ఫ్రాన్స్ వాళ్ల పోమగాల్స్కీ కంపెనీతో 1980ల చివర్లో కామ్ షురూ అయింది. తర్వాత వాదీలో హాలాత్ చెడిపోయి ఆగిపోయింది. మొదటి దశ, 2,650 మీటర్ల నుంచి కొంగ్‌డూరి వరకు, 1998లో తెరిచారు. కొంగ్‌డూరి నుంచి అఫర్వట్ భుజం వరకు రెండో దశ 2005లో. అసలు శిఖరం ఇంకా పైన, 4,200 మీటర్ల దగ్గర.

మా డబ్బాలో ఆరుగురం: అమ్మీ, నేను, మా ఆవిడ, ముగ్గురు పిల్లలు. తలుపు మూసుకోగానే అమ్మీ తస్బీ తీసింది. పిల్లలు వీడియోలు. కింద దేవదారు చెట్లు, గుజ్జర్ల మట్టి ఇళ్లు జారిపోతున్నాయి. నాకు మాత్రం 2017 జూన్ 25 గుర్తొచ్చింది. ఆ రోజు పెనుగాలికి చెట్టు కూలి తీగ మీద పడింది, డబ్బా ఊగి అద్దం ఊడింది. ఏడుగురు పోయారు. ఢిల్లీ నుంచి వచ్చిన తల్లి, తండ్రి, ఇద్దరు చిన్న పిల్లలు, వాళ్లతో పాటు ముగ్గురు లోకల్ వాళ్లు. ఆ మాట అమ్మీకి చెప్పలేదు.

కొంగ్‌డూరిలో అమ్మీ బెంచీ మీద కూర్చుని జుహర్ చదువుకుంది, ముసాఫిర్ కాబట్టి ఖస్ర్, రెండు రకాతులు. సలాం తిప్పగానే నేనన్నా, "ఇక్కడితో చాలు అమ్మీ. ఆక్సిజన్ తక్కువ ఉంటది పైన." నిజంగానే అఫర్వట్ మీద ఊపిరికి దొరికేది సముద్రం ఒడ్డున దొరికేదాంట్లో మూడింట రెండొంతులకన్నా తక్కువ. "మౌలాలీ కింద నలభై ఏళ్లు కూర్చున్నా బేటా," అంది. "ఇక కింద కూర్చోను." అంతే. నేనేం జవాబు చెప్పను?

పైన మంచు. హైదరాబాద్‌లో ఆ వారం నలభై డిగ్రీలు, ఇక్కడ చేతికి గ్లవ్స్ లేకపోతే వేళ్లు తిమ్మిరి. అమ్మీ రెండు అడుగులు వేసి ఆగిపోయింది, ఊపిరి ఎగపోసింది. నా గుండె జారింది. అప్పుడు ఒక స్లెడ్జ్ మనిషి, యాభై దాటి ఉంటాయి, ఫేరన్ చేతులు మడిచి ముందుకొచ్చాడు. "మాఁజీ, కూర్చోండి, లాగుతా."

"నక్కో బేటా. నీకూ నా అంత వయసు ఉన్నట్టుంది. మనిషి నన్ను లాగడం నాకొద్దు."

అతను నవ్వి, కోపం లేకుండానే అన్నాడు: "మాఁజీ, మీరు వద్దంటే నా మోకాళ్లకు ఆరామ్. ఇంట్లో చూల్హాకు ఆరామ్ ఉండదు. గాలికి గండోలా ఆగిన రోజు ఇక్కడ మాకు ఒక్క సవారీ దొరకదు."

అమ్మీ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. తర్వాత కూర్చుంది. అతను లాగాడు, నేను వెనక నుంచి తోశాను, పట్టుమని యాభై గజాలు. అటువైపు కొండలు చూపించి, సరిహద్దు ఎంతో దూరం లేదని చెప్పాడు. అమ్మీ సరిహద్దు చూడలేదు, అతని బూట్లు చూసింది, తడిసిన రబ్బరు బూట్లు. దిగేటప్పుడు ఒప్పుకున్న దానికి రెట్టింపు ఇచ్చింది. బేరం ఆడింది నేను, నాకు సిగ్గేసింది.

2025 ఏప్రిల్ 22న పహల్గామ్, బైసరన్ మైదానంలో ఇరవై ఆరు మందిని కాల్చేసిన ఖబర్ వచ్చినప్పుడు అమ్మీ టీవీ ముందు నుంచి లేవలేదు. పోయినవాళ్లలో మెహమాన్లు ఇరవై ఐదు మంది. ఇరవై ఆరోవాడు అక్కడి ముస్లిం యువకుడు, మెహమాన్లను గుర్రం మీద పైకి తీసుకెళ్లేవాడు. వాళ్లను కాపాడబోయి పోయాడు. "మన స్లెడ్జ్ భాయ్ గుల్మర్గ్‌లోనే కదా, అక్కడ కాదు కదా?" అని అమ్మీ నాలుగుసార్లు అడిగింది. అతని పేరు అడిగి ఉండాల్సింది. ఇద్దరం అడగలేదు.

ఒక చిన్న విషయం మిగిలిపోయింది. యూసుఫ్ షా కబర్ ఉన్న నలందా జిల్లాలోనే రాజ్‌గిర్ ఉంది, మన దేశపు పాత రోప్‌వేల్లో ఒకటి ఉన్న ఊరు. అక్కడి కొండ మీది శాంతి స్తూపానికి పునాది రాయి వేసింది రాధాకృష్ణన్, 1969లో తెరిచింది వి.వి. గిరి. ఇద్దరూ మన తెలుగువాళ్లే. బిస్వక్ వెళ్లి ఫాతిహా చదవాలని అమ్మీ నియ్యత్. రాజ్‌గిర్ సంగతి ఆపాకు ఇంకా చెప్పలేదు.

గుల్మర్గ్ నుంచి వచ్చిన మరుసటి ఏడాది చాంద్ రాత్. అమ్మీ కింద నుంచి కేకేయలేదు. ప్లాస్టిక్ కుర్చీ తెప్పించింది, మనవళ్లిద్దరూ చెరో పక్క పట్టుకున్నారు. మలుపు దగ్గర ఆపించి, "దించండి, ముందు మీరు ఊపిరి తీసుకోండి" అంది. వాళ్లు తీసుకునే లోపల పైనుంచి ఎవరో చాంద్ కనిపించిందని అరిచారు.